పాలపళ్ళూ ఒక ఇంగ్లీషు క్రియా

మన భాషలో పిల్లకి పళ్ళు వస్తాయి. లేదా మొలుస్తాయి. వచ్చే పనీ మొలిచే పనీ పళ్ళదే. పిల్ల పాపం ఊరికే నోరు తెరుచుకుని, చొంగ కారుస్తూ, చేతికందిన వస్తువునల్లా కొరుకుతూ కూచుంటుంది. ఇంగ్లీషువాళ్ళ పద్ధతి వేరు. వాళ్ళ పిల్ల తనే ఆ పని చేస్తుంది. ఆ పనికంటూ వాళ్ళు ఒక క్రియ పెట్టుకున్నారు, 'టీద్' అని. పిల్ల నవ్వుతుంది, పాకుతుంది, 'టీదు'తుంది. మనమూ అలాగే పన్నులోంచి ఒక క్రియ లాగుదామనుకుంటే కుదరదు. "మా బుజ్జిగాడు పన్నుతున్నాడండీ" అంటే, ఎవరిమీద కుట్ర పన్నుతున్నాడో అని భయపడతారు. పన్నంటే సర్కారుకి కట్టేది కూడా ఉందాయె!

ఈ మాట మన ఇళ్ళల్లోకి ఎప్పుడో వచ్చేసింది. విదేశాల్లో కాపురాలున్న కూతుళ్ళు ఫోనులో "వాడికి టీతింగమ్మా, రాత్రంతా జాగారమే" అంటారు. ఇక్కడి కోడళ్ళూ అదే అంటారు. నిజానికి ఆ మాటలో ఉన్నది 'త' కాదు, 'ద'. టీతింగ్ కాదు, టీదింగ్. పిల్ల ఏడుస్తుంటే ఉచ్చారణ ఎవడిక్కావాలి అంటారా? అదీ నిజమే. కాని ఆ 'త' కీ 'ద' కీ మధ్య వెయ్యేళ్ళ కథ ఉంది. బీఏలో భాషాశాస్త్రం ఒక పేపరుగా చదువుకున్న పాపానికి నాకు ఇలాంటివి కనిపిస్తే వదలబుద్ధి కాదు.

పళ్ళు అనే మాటకి ఇంగ్లీషు స్పెల్లింగు మనందరికీ తెలుసు. టి, రెండు ఇ లు, టి, హెచ్. దాన్ని టీత్ అంటాం. దాని చివర ఇంకొక ఇ తగిలిస్తే టీద్ అవుతుంది, నామవాచకం కాస్తా క్రియ అయిపోతుంది. ఆ చివరి ఇ ని ఎవరూ పలకరు. పలకని అక్షరానికి అక్కడేం పని? మన లిపిలో అయితే 'త్' చెరిపి 'ద్' పెడితే తీరిపోయేది. వాళ్ళకి ఆ రెండు శబ్దాలకీ కలిపి ఉన్నవి అవే రెండక్షరాలు, టి, హెచ్. అంచేత శబ్దం మారిందని చెప్పడానికి చివర ఒక కాపలాదారుణ్ణి నిలబెట్టుకున్నారు.

ఈ మాట ఒక్కటే కాదు, ఇదొక పెద్ద కుటుంబం. ఊపిరి బ్రెత్, ఊపిరి తీస్తే బ్రీద్. స్నానం బాత్, స్నానం చేస్తే బేద్. గుడ్డ క్లాత్, గుడ్డ కడితే క్లోద్. త, ద లే కాదు, ఫ, వ ల సంగతీ ఇంతే. లైఫ్ అంటే జీవితం, జీవిస్తే లివ్. సగం హాఫ్, సగం చేస్తే హావ్. వస్తువు పేరుగా ఉన్నప్పుడు గట్టిగా ఉన్న హల్లు, పని చెయ్యడం మొదలుపెట్టగానే మెత్తబడుతోందన్నమాట. ఆడపిల్ల పుట్టింట్లో ఒకలాగా, అత్తారింట్లో ఒకలాగా ఉన్నట్టు!

ఎందుకలా మెత్తబడింది? దీనికి జవాబు మన హైస్కూలు వ్యాకరణంలోనే ఉంది. గసడదవాదేశ సంధి గుర్తుందా? బెత్తం దెబ్బలు తిని మరీ నేర్చుకున్నాం. తల్లి పక్కకి రాగానే తండ్రి 'దండ్రి' అయిపోతాడు, తల్లిదండ్రులు. అన్న పక్కన తమ్ముడు 'దమ్ముడు' అవుతాడు, అన్నదమ్ములు. అచ్చుల మధ్య చిక్కుకున్న హల్లు కాస్త మెత్తబడుతుంది. పాత ఇంగ్లీషులోనూ అచ్చం ఇదే జరిగింది. వెయ్యేళ్ళ కిందట వాళ్ళ క్రియలన్నిటికీ చివర అచ్చుతో మొదలయ్యే ఒక ప్రత్యయం ఉండేది. నామవాచకంలో చివరన ఒంటరిగా ఉన్న 'త్', క్రియలో రెండచ్చుల మధ్యకి వచ్చిపడి 'ద్' అయింది. కాలక్రమాన ఆ ప్రత్యయం అరిగి అరిగి ఒక్క ఇ గా మిగిలింది. తరవాత ఆ ఇ ని పలకడం కూడా మానేశారు. మెత్తదనం మాత్రం నోట్లో ఉండిపోయింది, ఇ కాగితం మీద ఉండిపోయింది. మామగారు పోయి పాతికేళ్ళయినా ఆయన పడక్కుర్చీ వరండాలో ఉంచుకుంటామే, అలాంటిదనుకోండి.

కాగితం మీదైనా అది స్థిరంగా ఉందని కాదు. 'టీదింగ్' అన్న మాట ఇంగ్లీషులో పదిహేనో శతాబ్దం నుంచీ కనిపిస్తుంది. కాని 1755లో డాక్టర్ జాన్సన్ తన పేరుపొందిన నిఘంటువు అచ్చు వేసినప్పుడు ఆ క్రియని చివరి ఇ లేకుండా, పళ్ళ లాగే రాశాడు. అంటే స్పెల్లింగు రానివాళ్ళకి అంతటి జాన్సనూ తోడున్నాడన్నమాట. ఈసారి మీ మనవరాలు పరీక్షలో ఆ ఇ మర్చిపోతే మరీ కేకలెయ్యకండి.

ఇంక ఒక పన్ను టూత్, రెండయితే టీత్. ఈ వింత ఎందుకు? పాదం ఫుట్, పాదాలు ఫీట్. ఇక్కడా మనవాళ్ళే సాయం వస్తారు. మనిషి ఒక్కడే ఉంటే 'మనిషి'. పదిమంది చేరితే 'మనుషులు'. వెనక వచ్చే 'లు' లోని ఉకారం ముందున్న ఇకారాన్ని తనలాగా మార్చేసుకుంది. మరిది, మరుదులు కూడా అంతే. ఇంగ్లీషు పళ్ళకి పూర్వం బహువచనంలో చివర ఒక ఇకారం ఉండేది. అది ముందున్న ఓ ని తన వైపు లాక్కుని ఏ గా మార్చింది, ఆనక తను మాయమైంది. ఆ ఏ నే కాలం మీద ఈ అయింది. ఆ బహువచనంలోంచే మన క్రియ పుట్టింది. పిల్లకి ఒక్క పన్ను వస్తున్నా ఇంగ్లీషువాళ్ళకి బహువచనమే!

ఈ టూత్ కి ఇంకా పెద్ద చుట్టరికం ఉంది. మన సంస్కృత 'దంతం' దీని సొంత అక్కచెల్లెలు. పిల్లల కథలు పోగుచేసిన గ్రిమ్ సోదరులు తెలుసుగదా, వాళ్ళలో పెద్దవాడు యాకోబ్ గ్రిమ్ 1822లో ఒక సూత్రం చెప్పాడు. పాత 'ద' ఆ వైపు భాషల్లో 'ట' అయిందని. సంస్కృతం దశ, ఇంగ్లీషు టెన్. ద్వి, టూ. అలాగే దంత, టూత్. మరి దంతంలో ఉన్న సున్నా ఏమయింది? ఇంగ్లీషు దాన్ని మింగేసింది. మన హంస అక్కడ గూస్ అయినట్టు, పంచ ఫైవ్ అయినట్టు. జర్మన్ వాళ్ళు మాత్రం పంటిలో ఆ నకారాన్ని నిక్షేపంగా దాచుకున్నారు, పన్నుని 'త్సాన్' అంటారు. మన అచ్చతెనుగు 'పన్ను' కి వీళ్ళెవరితోనూ సంబంధం లేదు. అది తమిళుల 'పల్', కన్నడిగుల 'హల్లు' వైపు మనిషి. పలువరుస అన్నప్పుడు ఆ 'పలు' బయటపడుతుంది.

ఇంతవరకూ ఈ మాటతో సరదాగానే గడిచింది. కాని ఇదే మాటని పాత లండను కాగితాల్లో చూస్తే సరదా పోతుంది.

పదిహేడో శతాబ్దంలో లండన్లో వారం వారం చావుల జాబితా అచ్చువేసేవారు. ఎక్కడెక్కడ ప్లేగు పాకుతోందో తెలుసుకోడానికి మొదలుపెట్టారు. ఎవరైనా పోతే ఆ పేట చర్చి నియమించిన ముసలమ్మలు ఇంటికొచ్చి శవాన్ని చూసి, ఎందుకు పోయారో చెప్పేవారు. వాళ్ళు వైద్యం చదివినవాళ్ళు కాదు. కూడులేని పేద విధవలే ఎక్కువ, శవానికింత అని ఇచ్చే నాలుగు డబ్బుల కోసం ప్లేగు ఇళ్ళల్లోకి కూడా వెళ్ళేవారు. 1632 సంవత్సరపు జాబితాలో మొత్తం తొమ్మిదిన్నర వేల చావుల్లో ఒక పద్దు ఇలా ఉంది: 'పళ్ళు, 470'. అంతే. నాలుగువందల డెబ్భైమంది పసివాళ్ళు పళ్ళ వల్ల పోయారు!

జాన్ గ్రాంట్ అని, సూదులూ దారాలూ బొత్తాలూ అమ్ముకునే వర్తకుడొకాయన, ఈ జాబితాలన్నీ ముందేసుకుని లెక్కలు కట్టి 1662లో ఒక పుస్తకం రాశాడు. జనాభా లెక్కల శాస్త్రానికి అదే ఓనమాలు అంటారు. పుట్టిన ప్రతి వందమందిలో ముప్ఫయ్యారుగురు ఆరేళ్ళు నిండకుండానే పోతున్నారని ఆయన అంచనా. ఆ పోయే కారణాల్లో పళ్ళనీ నులిపురుగులనీ కలిపి ఒక పద్దుగా రాశాడు. ఈ లెక్క ముసలమ్మలతో ఆగిపోలేదు సుమండీ. డాక్టర్లొచ్చారు, సర్కారు రిజిస్టర్లొచ్చాయి. 1839లో ఇంగ్లండు, వేల్సు రిజిస్టర్లలో పళ్ళు రావడం వల్ల చనిపోయినట్టు రాసినవి 5,016 చావులు.

పళ్ళు వస్తే ఎవరైనా చస్తారా? చావరు. పళ్ళొచ్చే వయసూ, పిల్లల ప్రాణానికి గండాలుండే వయసూ ఒకటే కావడం వల్ల వచ్చిన చిక్కిది. ఆరో నెలనుంచీ మూడో ఏడు దాకా చిగుళ్ళలో ఏదో ఒక పన్ను కదులుతూనే ఉంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే తల్లిపాలు తగ్గి బయటి పాలు మొదలవుతాయి. తల్లి ఇచ్చిన రక్షణ తరిగిపోతుంది. పిల్ల నేలమీది చెత్తంతా నోట్లో పెట్టుకుంటుంది. కడగని సీసా, విరిగిన పాలు, మురికి నీళ్ళు, వాటివల్ల విరేచనాలు, జ్వరం, ఫిట్సు. తల్లికి కంటికి కనబడేది మాత్రం వాచిన చిగురు. క్రిమి కనబడదు, పన్ను కనబడుతుంది. దోషం దానిమీదికే పోయింది. గ్రీసు దేశపు హిపోక్రటీసు కాలంనుంచీ జ్వరాన్నీ ఫిట్సునీ విరేచనాలనీ పళ్ళ ఖాతాలోనే రాశారు. మనవాళ్ళూ తక్కువ తినలేదు. పైపళ్ళు ముందొస్తే మేనమామకి గండమని బెంగపెట్టుకున్న ఇళ్ళు ఎన్ని లేవు!

దోషం పన్నుదైతే వైద్యమూ దానికే చెయ్యాలిగదా. ఆంబ్రోయిజ్ పారె అని పదహారో శతాబ్దపు ఫ్రెంచి శస్త్రవైద్యుడు, చాలా గొప్పవాడే. నెవేర్ ప్రభువుగారి ఎనిమిది నెలల పిల్లవాడు చనిపోతే ఆయన్ని పిలిపించారు. ఒళ్ళంతా పరీక్షించినా కారణం కనబడలేదు. చిగురు కోసి చూస్తే పళ్ళు బయటికి రావడానికి సిద్ధంగా ఉన్నాయి. ముందే కోసి దారి ఇచ్చుంటే పిల్లవాడు బతికేవాడని ఆయన తీర్మానించాడు. ఇంకేముంది, మూడువందల ఏళ్ళపాటు డాక్టర్లు చిన్న కత్తులు జేబులో వేసుకుని తిరిగారు. పసివాళ్ళ చిగుళ్ళు ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ కోసేవారు, అదీ మత్తుమందు లేని రోజుల్లో. పంతొమ్మిదో శతాబ్దంలో నరాల వైద్యంలో పేరుపడ్డ మార్షల్ హాల్ అయితే, అవసరం లేకుండా నూటతొంభైతొమ్మిదిసార్లు కోసినా ఫరవాలేదు గాని అవసరమైన ఒక్కసారి మానకూడదనే మనిషి. ఆ నూటతొంభైతొమ్మిది సార్లూ పిల్లని ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూచున్నది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ మన వాగ్భటుణ్ణి తలుచుకోవాలి. సుమారు పద్నాలుగు వందల ఏళ్ళ కిందటివాడు. పళ్ళు రావడం అన్ని రోగాలకీ మూలమని ఆయనా అన్నాడు, ఆ విషయంలో హిపోక్రటీసుకి తీసిపోలేదు. నెమలికి తురాయి వచ్చేటప్పటి అవస్థతో పోల్చాడు కూడా. కాని ఆ వెంటనే ఒక మంచి మాట చెప్పాడు. ఆ బాధలకి పిల్లని మరీ కట్టుదిట్టమైన వైద్యంతో యాతన పెట్టొద్దు, పన్ను వచ్చాక అవే తగ్గుతాయి అని. కారణం తప్పు చెప్పినా చెయ్యి అదుపులో పెట్టుకున్నవాడు నా దృష్టిలో గొప్ప వైద్యుడే.

కత్తికి భయపడ్డ తల్లులకి సీసాలొచ్చాయి. 1849లో అమెరికాలో, మెయిన్ రాష్ట్రంలోని బాంగోర్ ఊళ్ళో, 'మిసెస్ విన్స్లో సూదింగ్ సిరప్' అని ఒక మందు మొదలైంది. అనుభవమున్న నర్సమ్మ చేసిన మందని ప్రకటనలు. పేరు ఆవిడది, అమ్మి డబ్బు చేసుకున్నది కర్టిస్, పెర్కిన్స్ అనే ఇద్దరు మగవాళ్ళు. చెంచాడు పోస్తే పిల్ల హాయిగా నిద్రపోయేది. ఎందుకు పోదూ? అందులో ఉన్నది మార్ఫియా! కొందరు పిల్లలు మళ్ళీ లేవలేదు. ప్రకటనల బొమ్మల్లో మాత్రం ముచ్చటైన తల్లీ బిడ్డా. ఎల్గార్ అని తరవాత పెద్ద పేరు తెచ్చుకున్న ఇంగ్లీషు సంగీతకర్త, కుర్రతనంలో తను కట్టిన ఒక బాణీకి ఈ మందు పేరే పెట్టాడంటే ఎంత ప్రచారమో చూడండి. 1906లో అమెరికాలో చట్టం వచ్చి, సీసా మీద మార్ఫియా అని రాయక తప్పలేదు. 1911లో అక్కడి వైద్య సంఘం ఇలాంటి మందుల్ని శిశుహంతకులని పేరుపెట్టి దుయ్యబట్టింది. ఇంగ్లండులో మిల్లు పనికి పోయే తల్లులు 'గాడ్ఫ్రీ కార్డియల్' పోసేవారు. అది నల్లమందూ బెల్లప్పాకం లాంటి పానకమూ. పొద్దున్నే పనికి పోవాలి, పిల్లని చూసేవారు లేరు. ఆ తల్లుల్ని తిట్టిపోసిన పెద్దమనుషుల రాతలు బోలెడున్నాయి. మిల్లు యజమానుల్ని ఒక్క మాటన్నవాళ్ళు అంతమంది లేరు.

ఈ మందులన్నిటిలోకీ నన్ను ఎక్కువ బాధపెట్టింది మరొకటి. తెల్లటి పొడి, రుచి ఉండదు, పొట్లాలుగా కట్టి పళ్ళపొడి అని అమ్మేవారు. తోముకునేది కాదు, పళ్ళొచ్చే పిల్లకి నాకించేది. పొట్ట శుభ్రమైతే పన్ను సుఖంగా వస్తుందని నమ్మకం. అందులో ఉన్నది కాలోమెల్, అంటే పాదరసపు లవణం.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో డాక్టర్లకి ఒక కొత్త జబ్బు కనబడింది. పిల్లల అరచేతులూ అరికాళ్ళూ గులాబి రంగుకి తిరిగి, చర్మం పొరలుగా ఊడేది. వెలుగు చూడలేక మొహం దిండులో దాచుకునేవారు. తిండి లేదు, నిద్ర లేదు, ఎత్తుకుంటే ఏడుపు, దింపితే ఏడుపు. జుట్టు ఊడేది. అన్నిటికన్నా ఘోరం, పళ్ళు ఊడి రాలేవి. పళ్ళ కోసం ఇచ్చిన మందు ఆ పళ్ళనే రాల్చింది! 'పింక్ డిసీజ్' అన్నారు. కొందరు ఆహారలోపమన్నారు, కొందరు అంటురోగమన్నారు. ఆస్పత్రుల్లో నెలల తరబడి ఉంచినా కారణం దొరకలేదు. ఇంటికి పంపేటప్పుడు మళ్ళీ అదే పొట్లం ఇచ్చి పంపిన సందర్భాలూ లేకపోలేదు.

అమెరికాలోని సిన్సినాటిలో యోసెఫ్ వార్కనీ అనే పిల్లల డాక్టరుండేవాడు, వియన్నా నుంచి వచ్చినవాడు. ఆయనా, హబ్బర్డ్ అనే సహచరుడూ ఈ పిల్లల మూత్రాన్ని లోహాల కోసం పరీక్ష చేయిస్తే పాదరసం బయటపడింది. 1948లో ఆ సంగతి అచ్చులో పెట్టారు. చాలామంది పెద్ద డాక్టర్లు నమ్మలేదు. పొడి తిన్న పిల్లలు లక్షలమంది, జబ్బుపడింది అయిదువందలమందిలో ఒకరో ఏమో, మిగతావాళ్ళు బాగానే ఉన్నారు గదా అన్నది వాళ్ళ వాదం. పెనిసిలిన్ పడని మనిషి వెయ్యిమందిలో ఒకడున్నా ఉన్నట్టే గదా! చివరికి 1954లో బ్రిటన్లో తయారీదార్లు పళ్ళపొడుల్లోంచి పాదరసం తీసేశారు. కొద్ది ఏళ్ళలోనే జబ్బు దాదాపు మాయమైంది. కొత్త మందేదీ కనిపెట్టలేదు. ఉన్న మందు మానేశారు, అంతే.

సంపన్నుల పిల్లలకి అప్పట్లో ఇంకో ముచ్చట ఉండేది. వెండి గిలక్కాయకి ఒక చివర పగడపు కొమ్మ బిగించి ఇచ్చేవారు, కొరుక్కోడానికి. పగడం పిల్లని కాస్తుందని రోమనుల కాలం నుంచీ నమ్మకం. పెళ్ళిపెద్దల్లా నామకరణప్పెద్దలు దాన్ని బహుమతిగా తెచ్చేవారు. వాటిని ఇవాళ మ్యూజియంలలో చూడొచ్చు. పగడం పోయి ఇప్పుడు సీమగుగ్గిలపు పూసలు, అంబర్ దండలు వచ్చాయి. పిల్ల మెడలో వేస్తే నొప్పి లాగేస్తుందని అమ్ముతున్నారు. అవి గొంతుకి బిగుసుకుని ప్రాణాపాయమైన సంఘటనలున్నాయని అమెరికా మందుల శాఖ 2018 డిసెంబరులో హెచ్చరించింది. చిగుళ్ళకి పూసే బెంజోకేన్ జెల్లుల్ని రెండేళ్ళలోపు పిల్లలకి వాడొద్దని అదే ఏడు మే నెలలో చెప్పింది. అంతకుముందు ఏడాది, పళ్ళ కోసమని అమ్మిన హోమియో బిళ్ళల్లో బెల్లడొన్నా పాళ్ళు బిళ్ళబిళ్ళకీ తేడాగా ఉన్నాయని పరీక్షల్లో పట్టుకుంది.

ఇప్పటి డాక్టర్లు చెప్పేది మా అమ్మమ్మ చెప్పినదానికి దగ్గరగానే ఉంది. చెయ్యి శుభ్రంగా కడుక్కుని వేలితో చిగుళ్ళు మెల్లిగా రుద్దండి, కొరుక్కోడానికి చల్లటి రబ్బరు రింగు ఇవ్వండి, చొంగ తుడవండి. గట్టి జ్వరం వచ్చినా, విరేచనాలు పట్టుకున్నా మాత్రం పళ్ళ వల్లేలే అనుకోకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి అంటున్నారు.